మతర్ దారి

మౌజా వదిన చెప్పులు లేకుండా వచ్చింది. మధ్యాహ్నపు ఇసుక మీద మా పిల్లలు కూడా చెప్పులు లేకుండా అడుగు పెట్టరు. ఆమె మాత్రం దిబ్బ దిగి, మా ఇళ్ళ మధ్య ఉన్న మైదానమంతా దాటి, మా ఖర్జూరమట్టల పందిరి ముందు నిలబడేదాకా తన కాళ్ళ సంగతి గమనించినట్టే లేదు. అది చూసి నేను చేతిలోని కాఫీ గిన్నె కింద పెట్టేశాను.

"మీ అన్నయ్య రాలేదు ఖల్ఫాన్," అంది.

"ఎక్కడికెళ్ళాడు?"

"తప్పిపోయిన ఆ ఒంటె కోసం. తెల్లవారుజామున నమాజు చాప మడిచాడో లేదో బండి తీశాడు. కాఫీ వేళకి వచ్చేస్తానన్నాడు. ఒక్క సీసా నీళ్ళే పట్టుకెళ్ళాడు. ఇంకోటి పెట్టుకోవయ్యా అంటే, మూటలు కట్టుకోడానికి నేనేమైనా పెళ్ళికి పోతున్నానా అన్నాడు."

"ఏ వైపు?"

"ఏ వైపేమిటి? తన దారే. అవతలి లోయలోకి."

మా ఇళ్ళకీ అవతలి లోయకీ మధ్య ఒక పెద్ద దిబ్బ ఉంది. దాని నడుమ గుర్రం వీపులా కాస్త కిందికి వంగిన చోట బండ్లు దాటవచ్చు. అక్కడ మొదట బండి దాటించింది మా అన్నయ్య. అందుకే చుట్టుపక్కల అందరూ దాన్ని మతర్ దారి అంటారు.

"సువైలిమ్‌కి తెలుసా?" అని అడిగాను. సువైలిమ్ అన్నయ్య కొడుకు. బిద్దియా ఊళ్ళో ఉద్యోగం.

"సిగ్నల్ అందే ఆ వెనక దిబ్బ ఎక్కి ఫోను చేసే వస్తున్నా. బయల్దేరాడు. ఇక్కడికి రాడు, తిన్నగా వాళ్ళ నాన్న దారినే దిగుతానన్నాడు."

తెల్లవారుజాము నుంచి ఈ ఎండలో ఒక్క సీసా నీళ్ళతో మనిషి ఎంతసేపు ఉండగలడు? నా భార్య గుబైషా అప్పటికే ముఖానికి ముసుగు బిగించుకుని నీళ్ళ డబ్బాలు బండిలో పెడుతోంది.

"ఎక్కండి రాషిద్ నాన్నా," అంది, ఎప్పటిలా మా అబ్బాయి పేరుతో నన్ను పిలుస్తూ. "నల్ల కళ్ళద్దాలు పెట్టుకోండి. మౌజక్కా, నువ్వు ఇక్కడే పందిట్లో కూర్చుని కాళ్ళు నీళ్ళలో పెట్టుకో."

నా కంటికి ఆపరేషన్ అయి ఎక్కువ రోజులు కాలేదు. డాక్టరు బండి నడపొద్దన్నాడు. అయినా ఆ పికప్ బండి ఆమెదే. మేకలకు మేత తెచ్చేదీ, నీళ్ళు తెచ్చేదీ ఆమే.

బండి కదిలాక నేను దువా చదువుకుంటూ కూర్చున్నాను. మా అన్నయ్యకు ఏమీ కాకూడదని అడిగాను. అడుగుతూనే ఆయన మీద కోపం కూడా తెచ్చుకున్నాను. ఒక్క సీసా ఏమిటి? దేవుడి మీద భరోసా ఉంచమన్నారు గానీ, రెండో సీసా ఇంట్లో వదిలేయమని ఎవరు చెప్పారు?

మతర్ అన్నయ్య సంగతి కొంచెం చెప్పాలి. మా బండ్లలో పెద్ద గేరు రాడ్ పక్కన ఇంకో చిన్న రాడ్ ఉంటుంది. దానికి 'లో', 'హై' అని రెండు స్థానాలు. లోలోకి లాగితే ఇంజిను ఎంత గట్టిగా తిరిగినా చక్రాలు నెమ్మదిగా, బలంగా తిరుగుతాయి. హైలో ఉంచితే వేగం వస్తుంది. అన్నయ్య జన్మలో ఆ చిన్న రాడ్ లోలోకి లాగలేదు. దిబ్బ కనిపిస్తే దూరం నుంచే హైలో దూకుడుగా వచ్చి, ఆ ఊపులోనే అంచు దాటి అవతల పడాలి. "ఇసుకలో ఆగావా, మునిగావే," అనేవాడు. కాళ్ళు పెడళ్ళకు అందిన రోజు నుంచి కొడుక్కీ అదే నేర్పాడు. ఈద్ నాటి సాయంత్రం మా కుర్రాళ్ళు పందెం వేసుకుని దిబ్బ ఎక్కేటప్పుడు, మిగిలినవాళ్ళందరం కింద బండ్లలో కూర్చుని హారన్లు మోగిస్తాం. ఎక్కేవాడు అది విని ఇంకా తొక్కుతాడు. సువైలిమ్ ఎక్కినన్నిసార్లు అన్నయ్య హారన్ మీద నుంచి చెయ్యి తీసేవాడు కాదు.

గుబైషా పద్ధతి వేరు. ఆమె లోలో వేసి, ఒకే ఊపులో, తొందర లేకుండా ఎక్కుతుంది. అంచుకు కాస్త ముందు ఆగుతుంది. దిగి నడిచి వెళ్ళి అవతల ఏముందో చూసి వస్తుంది. అప్పుడు దాటుతుంది. మా వాళ్ళకు ఇది పెద్ద వేడుక.

"మీ ఆవిడ దిబ్బ ఎక్కదురా, దిబ్బను పలకరించి వస్తుంది," అనేవాడు అన్నయ్య. నలుగురిలో అలా అన్నప్పుడు నేనూ నవ్వేవాణ్ణి. నాకూ కాస్త చిన్నతనంగానే ఉండేది.

పోయినేడు ఆమె బండిలో ఆ చిన్న రాడ్ కింద ఉండే గేర్ల డబ్బా అరిగిపోయింది. బిద్దియాలో మెకానిక్ రెండు పాత డబ్బాలు తెచ్చి గోనెపట్టా మీద పెట్టాడు. ఒకటి కొండల్లో తిరిగే బండిది. అందులో లో మరీ నెమ్మది. రాళ్ళ మీద డ్రమ్ములు మోసే వాళ్ళకు పనికొస్తుంది. రెండోది మామూలుది. అన్నయ్య కూడా మాతో వచ్చాడు, సలహా ఇవ్వడానికి.

"ఏదైతే ఏముందమ్మా గుబైషా? ఇసుకలో లో వేసేవాళ్ళు పట్నం వాళ్ళు. ఆ చిన్న రాడ్ పీకేసి అక్కడ కాఫీ కూజా పెట్టించుకో."

"కూజా మీ బండిలో పెట్టించుకోండి బావగారూ. మీరెలాగూ దాన్ని ముట్టుకోరు, చోటు ఖాళీయే కదా."

మెకానిక్ నవ్వు దాచుకోవడానికి అటు తిరిగాడు. గుబైషా కింద కూర్చుని రెండు డబ్బాల ఇరుసులూ చేత్తో తిప్పి చూసింది. ఒక చివర తిప్పుతూ రెండో చివర ఎంత కదులుతుందో కళ్ళార్పకుండా గమనించింది.

"కొండలది వద్దు," అంది. "మరీ నెమ్మదైతే చక్రం ముందుకు పోయేలోగా ఇసుక తవ్వుకుని కిందికి పోతుంది. నేను లోలో మూడో గేరు మీద దిబ్బ సాంతం ఎక్కాలి. ఎక్సలేటర్ వదిలిన చోట ఆగాలి. ఈ రెండోది పెట్టు."

"అసలు ఆగడం ఎందుకు?" అన్నాడు అన్నయ్య.

"చూడ్డానికి."

"ఏం చూస్తావ్? ఇక్కడ పుట్టి పెరిగాం. ఏ దిబ్బ అవతల ఏముందో నన్ను నిద్రలో లేపి అడిగినా చెప్తాను."

అది అబద్ధం కాదు. అన్నయ్యకు తెలియని దిబ్బ మా వైపు లేదు.

దిబ్బ పాదం దగ్గర గుబైషా ఆగి టైర్లలో గాలి తీయడం మొదలుపెట్టింది. నేను ఓపిక పట్టలేకపోయాను.

"అక్కడ మనిషి ఎండిపోతుంటే నువ్వు టైర్లు చూస్తావేంటి?"

"గాలి తీయకపోతే సగంలో కూరుకుపోతాం. అప్పుడు మనల్ని వెతకడానికి ఇంకొకరు రావాలి. ఆ వెనక టైరు మీరు తీయండి, ఊరికే నిలబడే బదులు."

తీశాను. ఆమె ఎక్కి, క్లచ్ తొక్కి, చిన్న రాడ్ లోలోకి లాగింది. బండి ఎక్కడం మొదలుపెట్టింది. ఇంజిను గట్టిగా మూలుగుతోంది గానీ బండి కుదుపు లేకుండా పోతోంది. వాలు కూడా బాగుంది. ఇసుక గట్టిగా ఉంది.

"దేవుడి దయ, దారి మంచిగా ఉంది," అన్నాను.

"అదే నాకు నచ్చడం లేదు."

"ఎందుకు?"

"పోయిన నెల పైన అంచు మన వైపు నిటారుగా ఉండేది. ఎక్కడానికి ప్రాణం పోయేది. అవతల వైపు వాలుగా దిగేది. ఇప్పుడు మన వైపు వాలుగా ఉంది. గాలి మారింది కదా. మరి అవతల ఎలా ఉంటుంది?"

గాలి మారిన సంగతి నాకూ తెలుసు. మా పందిరికి గాలి వచ్చే వైపున కొత్త తడికలు కట్టింది నేనే. అయినా నాకు ఆ ఆలోచన రాలేదు. అన్నయ్యకు మాత్రం ఎందుకు వస్తుంది? వాలు సుఖంగా ఉంటే మనిషి ఇంకా తొక్కుతాడు గానీ, ఎందుకు సుఖంగా ఉందని అడుగుతాడా?

ఆమె మతర్ దారి మీదికి పోకుండా, దాని పక్కనున్న భుజం మీదికి బండి పోనిచ్చింది. అంచుకు కొంచెం కింద ఎక్సలేటర్ వదిలింది. బండి అక్కడే ఆగింది. దిగి, పైకి నడిచి, అంచు మీద నిలబడి కిందికి చూసింది.

రెండు చేతులూ తల మీద పెట్టుకుంది.

"ఏమైంది?" అని అరిచాను. దిగి పరుగెత్తాను. నా నల్ల కళ్ళద్దాల్లోంచి మొదట నాకు ఇసుక తప్ప ఏమీ కనిపించలేదు. తర్వాత అన్నయ్య బండి వెనక భాగం కనిపించింది. అది ఆకాశం వైపు లేచి ఉంది. ముందు భాగం ఇసుకలో దిగిపోయింది. అవతలి వైపు గోడలా నిలువుగా తెగిపోయి ఉంది. అన్నయ్య పాత అలవాటు కొద్దీ హైలో దూకుడుగా వచ్చి, వాలు ఉంటుందనుకున్న చోట గాలిలోకి వెళ్ళిపోయాడు. చక్రాల జాడలు గాలికి ఎప్పుడో పూడిపోయాయి.

ఆ బండి నీడ దిబ్బ వైపు, అంటే అంచు వైపు పడుతోంది. ఆ నీడలో అన్నయ్య వెల్లకిలా పడి ఉన్నాడు. ఒక కాలు మనిషి కాలు తిరగకూడని వైపు తిరిగి ఉంది. నేను చూస్తుండగానే ఒక చెయ్యి కాస్త లేచి పడింది.

"బతికే ఉన్నాడు! అల్‌హమ్దులిల్లాహ్! గుబైషా, బతికే ఉన్నాడు!"

"అరవకండి, వినండి," అంది ఆమె.

విన్నాను. మా వెనక, మేం ఎక్కొచ్చిన వైపు, దూరంగా ఇంజిను శబ్దం. మైదానంలో దుమ్ము లేస్తోంది. దాని ముందు సువైలిమ్ బండి. తండ్రి కోసం వస్తున్నాడు. మతర్ దారికి సూటిగా వస్తున్నాడు.

అప్పుడు నాకు అర్థమైంది. వాడు తండ్రి దూకిన చోటే దూకుతాడు. తండ్రి పడిన చోటే పడతాడు. ఆ బండీ, ఆ తండ్రీ ఉన్న చోట.

పరుగెత్తి మా బండిలో నా వైపు నుంచి ఎక్కి, చెయ్యి చాచి హారన్ నొక్కాను. గట్టిగా, చెయ్యి తీయకుండా నొక్కాను. వాడు ఆగాలని, ఏదో ప్రమాదం ఉందని వాడికి తెలియాలని.

కింద నుంచి సువైలిమ్ హారన్ జవాబిచ్చింది. పొట్టిగా, హుషారుగా. వాడి ఇంజిను ఇంకా గట్టిగా గర్జించింది. దుమ్ము ఇంకా వేగంగా మా వైపు వచ్చింది.

"ఆపండి!" గుబైషా నా చెయ్యి పట్టి లాగేసింది. "దొరికాడని చెప్తున్నారనుకుంటున్నాడు! ఎక్కమంటున్నారనుకుంటున్నాడు!"

నా చెయ్యి గాలిలో అలాగే ఉండిపోయింది. పుట్టినప్పటి నుంచి ఆ శబ్దానికి మా పిల్లలకు మేం నేర్పిన అర్థం ఒక్కటే. ఇంకా తొక్కు అని.

"అంచు మీద నిలబడి చేతులూపుతాను," అన్నాను.

"బానెట్ పైకి లేచాక వాడికి ఆకాశం తప్ప ఏం కనిపిస్తుంది? మనిషి కనిపించడు. కనిపించేసరికి మీరు చక్రం కింద ఉంటారు." ఆమె అప్పటికే ఎక్కి కూర్చుంది. "బండైతే కనిపిస్తుంది. మీరు దిగండి."

నేను దిగలేదు. ధైర్యం వల్ల అని చెప్పలేను. కాళ్ళు కదలలేదు, అంతే. తలుపు ఎలా వేశానో కూడా గుర్తులేదు.

అంచు పొడవునా బండి నడపడం మా వైపు ఎవరూ చెయ్యరు. ఒక పక్క వాలు, ఒక పక్క గోడ. నా వైపు చక్రాల కింద నుంచి ఇసుక గోడ మీదుగా జారిపోతూ ఉంది. ఆమె చిన్న రాడ్ లోలోనే ఉంచి, రెండో గేరులో, మనిషి నడకలా పోనిచ్చింది. ఎక్కడా ఒక్కసారిగా తొక్కలేదు, ఒక్కసారిగా వదల్లేదు. హైలో అయితే ఆ చోట బండి కదలాలంటే ఎగిరి దూకాల్సిందే, దూకితే దొర్లడమే. నీళ్ళ డబ్బాలు వెనక ఒక పక్కకు దొర్లి ఢామ్మని కొట్టుకున్నాయి. బండి వంగింది. చనిపోయే ముందు చదివే కలిమా చదివాను. నోట్లోంచి శబ్దం వచ్చిందో లేదో తెలియదు.

మతర్ దారి నడుమకు వచ్చి ఆమె బండిని అడ్డంగా తిప్పి ఆపింది. ఆమె వైపు తలుపు సువైలిమ్ వచ్చే దిక్కుకు ఉంది. నా కిటికీలోంచి చూస్తే కింద అన్నయ్య. ఆమె కిటికీలోంచి చూస్తే, ముందు వాడి బండికి నిలబెట్టిన కర్ర మీది ఎర్ర జెండా ఊగుతూ వచ్చింది. తర్వాత వాడి బానెట్. దాని వెనక అద్దంలో వాడి ముఖం. పెదాలు బిగించి, మెడ ముందుకు చాచి, నాన్న దగ్గరికి వస్తున్న పిల్లవాడి ముఖం.

గుబైషా స్టీరింగు మీద నుంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుంది. చేయగలిగింది ఇంకేమీ లేదు.

సువైలిమ్ కళ్ళు పెద్దవయ్యాయి. కాలు తీసేశాడు. ఊపు పోగానే ఆ దూకుడంతా ఇసుకలోకి దిగిపోయింది. బండి ఇరుసుల దాకా కూరుకుపోయి, ఒక పక్కకు వాలి, ఆగింది. దాని బానెట్ వేడి మా కిటికీలోంచి లోపలికి వచ్చింది. అంత దగ్గర.



వాడు తలుపు తన్ని దిగాడు. "పిన్నీ! పిచ్చి పట్టిందా మీకు? ఎక్కేశాను కదా! ఇంకొక్క క్షణం ఉంటే దాటేసేవాణ్ణి! నాన్న అక్కడ ఉంటే దారికి అడ్డంగా బండి పెడతారా? ఈ లో గేరు తాబేలు నడక ఇంట్లో పెట్టుకోండి, ఇప్పుడు కాదు! చిన్నాన్నా, నువ్వైనా చెప్పొద్దూ? పక్కన కూర్చుని ఏం చేస్తున్నావు?"

గుబైషా నా కిటికీ వైపు చెయ్యి చూపించింది.

వాడు గొణుగుతూనే మా బండి చుట్టూ తిరిగి వచ్చాడు. అంచు మీద నిలబడ్డాడు. గొణుగుడు మధ్యలో ఆగింది. వాడు కేక వేస్తాడనుకున్నాను. వేయలేదు. తన కూరుకుపోయిన బండి వైపు ఒకసారి తిరిగి చూశాడు. మళ్ళీ కిందికి చూశాడు. బండి నుంచి తండ్రి దాకా ఉన్న దూరాన్ని కళ్ళతో కొలుస్తున్నట్టు ఇటూ అటూ చూశాడు. తర్వాత అక్కడే కూర్చుండిపోయాడు.

"లేవరా," అంది గుబైషా. "నీళ్ళు పట్టుకో."

ఆ మాటతో వాడు లేచాడు. నీళ్ళ డబ్బా గుండెకు పట్టుకుని ఇసుక గోడ మీద కూర్చునే జారాడు. నేను వాడి వెనకే జారాను.

అన్నయ్య పెదాలు తెల్లగా పగిలి ఉన్నాయి. సీసా ఖాళీగా పక్కన పడి ఉంది. సువైలిమ్ తన తలగుడ్డ తడిపి ఆయన నోటికి అద్దాడు. సగం నీళ్ళు ఆయన గడ్డం మీదికి పోయాయి. అన్నయ్య కళ్ళు తెరిచి చాలాసేపు వాడినే చూశాడు.

"నువ్వేనని తెలిసింది," అన్నాడు. గొంతు కర్ర గీకినట్టుంది. "ఇంజిను శబ్దం విన్నాను. హైలో మూడో గేరు. అంచు దగ్గర కూడా తగ్గలేదు. సరిగ్గా నేను నేర్పినట్టే వస్తున్నావు."

సువైలిమ్ తల దించుకున్నాడు.

"అరవలేకపోయావా నాన్నా?"

"అరిచాను. నాకే వినిపించలేదు. పక్కకు దొర్లుదామంటే కాలు రాలేదు. తర్వాత శబ్దం ఉన్నట్టుండి ఆగిపోయింది. చచ్చిపోయాననుకున్నాను."

ఆయన 'సరిగ్గా నేను నేర్పినట్టే' అన్న మాటలో ఉన్నది మెచ్చుకోలో, భయమో నాకు ఇప్పటికీ తెలియదు. రెండూ కావచ్చు. కొడుకు చేతిలో బండి శబ్దం విని ఒక్క క్షణం ఆయన ఛాతీ పొంగిందేమో, ఆ కొడుకు బండి కిందే పోబోతున్నానని తెలిసి కూడా. తండ్రులు అలాంటివాళ్ళే. అడగడానికి నాకు మనసు ఒప్పలేదు.

పైన గుబైషా బండిని గోడకు ఎదురుగా తిప్పింది. లోలో మొదటి గేరు వేసి, బ్రేకు ముట్టుకోకుండా, ఇంజినుతోనే బండిని బిగపట్టి, సూటిగా మా పక్క నుంచి దింపింది. ఇసుక ఆమె చుట్టూ నీళ్ళలా జారింది. మేం ముగ్గురం అన్నయ్యను తలగుడ్డల మీద ఎత్తి వెనక పడుకోబెట్టాం. ఎత్తేటప్పుడు ఆయన వేసిన కేక నేను మర్చిపోలేను. మా అన్నయ్య గొంతులో అలాంటి శబ్దం ఉందని నాకు తెలియదు. సువైలిమ్ ఆయన తల ఒళ్ళో పెట్టుకుని ఎండ తగలకుండా తన చొక్కా పట్టుకున్నాడు. లోయ చుట్టూ తిరిగి తారు రోడ్డు చేరాం. వాడి బండి అంచు దగ్గరే ఉండిపోయింది. దాని సంగతి ఎవరికీ గుర్తు కూడా లేదు.

ఆసుపత్రిలో అన్నయ్యను లోపలికి తీసుకెళ్ళారు. తుంటి ఎముక విరిగిందనీ, ఒంట్లో నీళ్ళు తగ్గిపోయాయనీ, ప్రాణానికి భయం లేదనీ డాక్టరు చెప్పాడు. ఆయన ఇంకా ఏదో చెప్తున్నాడు గానీ నాకు 'ప్రాణానికి భయం లేదు' అన్నది తప్ప ఏదీ చెవికెక్కలేదు. మతర్ దారి దగ్గర సిగ్నల్ దొరకని ఫోను ఇక్కడ పలికింది. మమ్మల్ని వెతుక్కుంటూ పక్కింటి వాళ్ళ బండిలో బయల్దేరిన మౌజా వదిన అప్పటికే తారు రోడ్డు చేరింది. "ఉన్నాడు, మాట్లాడుతున్నాడు," అని మాత్రం చెప్పాను. అవతల ఆమె ఏడవడం మొదలుపెట్టింది.

సాయంకాలపు నమాజు వేళ దాటబోతోంది. సువైలిమ్‌ని పిలిచి నమాజు గదికి తీసుకెళ్ళాను. చిన్నప్పటి నుంచి చేస్తున్న నమాజు. ఆ రోజు మధ్యలో ఎన్ని ఆవృత్తులు, ఎన్ని రకాతులు అయ్యాయో తెలియలేదు. ఎంత గుర్తు తెచ్చుకున్నా తెలియలేదు. కళ్ళ ముందు ఎర్ర జెండా ఊగుతోంది. మరపుకు పరిహారంగా నుదురు నేలకు ఆనించే సజ్దా చేసి ముగించాను. పక్కన సువైలిమ్ నుదురు చాప మీద పెట్టినవాడు లేవలేదు. చాలాసేపటికి లేచి, నా వైపు చూడకుండా అడిగాడు.

"చిన్నాన్నా, నేను నాన్నను కాపాడ్డానికే కదా వచ్చాను?"

"అవున్రా."

"అది దేవుడికి తెలుసు కదా?"

"తెలుసు."

"మరి పిన్ని అడ్డం రాకపోయుంటే? అప్పుడు కూడా, వీడు కాపాడ్డానికే వచ్చాడు అని రాసుకునేవాడా?"

రాసుకునేవాడనే అనుకుంటాను. మనసులో ఉన్నదే లెక్క అని మాకు నేర్పారు. కానీ అవునని చెప్పబోయి ఆగాను. మనసు మంచిదైతే చాలని, అంచు అవతల చూడకుండా దూకొచ్చా? ఆయన మనకు కళ్ళిచ్చింది, ఆగగలిగే తెలివి ఇచ్చింది ఊరికేనా? ఆ ముక్క వాడితో అంటే ఈ రోజు వాడు తట్టుకోలేడు. అన్నయ్యతో ఎప్పటికైనా అనగలనా అన్నదీ సందేహమే.

"పద, టీ తాగుదాం," అన్నాను.

గుబైషా ఆసుపత్రి బయట మెట్ల మీద ఒక్కతే కూర్చుని ఉంది. ఎవరో ఆమె చేతిలో కాగితం గ్లాసుతో టీ పెట్టి వెళ్ళారు. సగం టీ ఆమె ఒళ్ళో ఒలికి ఉంది. మిగతాది ఒలుకుతోంది. మొదట నాకు అర్థం కాలేదు. దగ్గరికి వెళ్ళి చూస్తే ఆమె చేతులు వణుకుతున్నాయి. అంచు మీద ఇసుక జారిపోతుంటే వణకని చేతులు అవి. గ్లాసు తీసుకోబోతే వేళ్ళు విడవలేదు. ఒక్కొక్క వేలూ విప్పాల్సి వచ్చింది.

"బావగారు?" అంది.

"బానే ఉన్నాడు. ప్రాణానికి భయం లేదన్నారు."

తల ఊపింది. మౌజా వదిన వచ్చే రోడ్డు వైపు చూస్తూ కాసేపు కూర్చుంది.

"రాషిద్ నాన్నా, వాడు కాలు తీయకపోయుంటే?"

"తీశాడు కదా."

"తీయకపోయుంటే నా తలుపుకే తగిలేవాడు. నాతో పాటు మిమ్మల్నీ గోడ మీద నుంచి తోసేసేవాడు. ముగ్గురం ఆయన మీదే పడేవాళ్ళం." ముసుగు వెనక ఆమె కళ్ళు నా ముఖం మీదే ఉన్నాయి, నేనే ఏదో చెప్పాలన్నట్టు. "అక్కడ అడ్డంగా పెట్టినప్పుడు ఆ సంగతి నా బుర్రకి తట్టనే లేదండీ. ఇప్పుడు, ఈ టీ చేతికిచ్చినప్పుడు తట్టింది."

సువైలిమ్ మా వెనక నిలబడి అంతా విన్నాడు. ముందుకు వచ్చి, ఆమె కాళ్ళ దగ్గర కింది మెట్టు మీద కూర్చున్నాడు. ఆమె వణుకు తగ్గేదాకా అలాగే కూర్చున్నాం.